విన్నిపెగ్‌లో గుంటూరు కుటుంబం: మొదటి చలికాలం, తడి లెక్క

భర్తకు 36 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్యకు 32. బాబుకు అయిదు. భర్త తల్లికి 64. బీపీ, ఉబ్బసం ఉన్నాయి, రెండింటికీ మందులు వాడుతున్నారు. గుంటూరు లక్ష్మీపురంలో ఉండే ఈ నలుగురూ నవంబరు చివరి వారంలో కెనడాలోని విన్నిపెగ్‌లో దిగారు. అక్కడ అద్దెకు తీసుకున్నది పాత చెక్క ఇంట్లో కింది అంతస్తు. నేలమాళిగలో గ్యాస్ ఫర్నేస్, అక్కడి నుంచి గొట్టాల ద్వారా గదులకు వేడి గాలి వస్తుంది. ప్రయాణానికి ముందు విజయవాడలోని మా క్లినిక్‌లో సలహా తీసుకున్నారు, వెళ్లాక ఏప్రిల్ దాకా ఫోన్లో మాట్లాడుతూ వచ్చారు. పరీక్షలు, మందులు అక్కడి డాక్టరు చూసుకున్నారు. ఇల్లు, బట్టలు, వంట, అలవాట్లు సరిచేయడం వరకే మా వంతు. గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

విన్నిపెగ్‌లో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత మైనస్ 21 దగ్గర ఉంటుంది. బెజవాడ, గుంటూరుల్లో అదే నెలలో 18, 19 పడితేనే మనం దుప్పటి తీస్తాం. అందుకని వెళ్లేవాళ్ల దృష్టంతా జాకెట్ మీదే ఉంటుంది. ఈ ఇంట్లో నలుగురినీ ఇబ్బంది పెట్టినవి చూస్తే మాత్రం చలి నేరుగా చేసింది తక్కువ. బాబుకు ముక్కు నుంచి రక్తం, కోడలికి కాలివేళ్ల వాపు, పెద్దావిడకు దగ్గు, పడకగది గోడకు బూజు, కారు అద్దానికి లోపల మంచు. అన్నిటి వెనకా ఉన్నది నీరే: ఉండాల్సిన చోట లేకపోవడం, ఉండకూడని చోట చేరడం.

బాబు ముక్కు, ఇంటి గాలి

రెండో వారంలో తెల్లవారుజామున బాబు దిండు మీద రక్తం మరకలు కనిపించాయి. పెదాలు పగిలాయి, మలబద్ధకం మొదలైంది. ఇంట్లోవాళ్లు మనందరం అనుకునేదే అనుకున్నారు: వేడి చేసింది. పచ్చళ్లు మానిపించి, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. సబ్జా వల్ల నష్టం లేదు గానీ కారణం ఒంట్లో లేదు, గదిలో ఉంది.

మైనస్ 20 దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగల నీటి ఆవిరి సుమారు ఒక గ్రాము. అదే గాలి ఫర్నేస్‌లో 21 డిగ్రీలకు వేడెక్కితే దానికి 18 గ్రాముల దాకా పట్టే చోటు వస్తుంది, నీరు మాత్రం ఆ ఒక్క గ్రామే. అంటే తేమ అయిదారు శాతం. మనుషుల ఊపిరి, వంట, స్నానం కలిస్తే ఓ పది శాతం పెరుగుతుంది. ఆగస్టు నెల బెజవాడ గాలిలో ఘనపు మీటరుకు 20 గ్రాముల పైమాటే ఉంటుంది కాబట్టి మన ముక్కు లోపలి పొరకు ఈ పొడితనం ఏమిటో తెలియదు. పొర ఎండి పగులుతుంది, పిల్లాడు నిద్రలో గోకుతాడు, రక్తం వస్తుంది. వెంట తెచ్చుకోమన్న చిన్న డిజిటల్ తేమ మీటరు ఆ గదిలో 14 శాతం చూపించింది. ఇక్కడ కొన్ని వందల రూపాయలకు దొరికే ఈ వస్తువును మేం ప్రతి కుటుంబానికీ జాకెట్ కన్నా ముందు రాస్తాం.

రక్తం కారేటప్పుడు బాబును వెల్లకిలా పడుకోబెట్టి నుదుటి మీద తడిగుడ్డ వేశారు. అలా పడుకోబెడితే రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుంది. కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచాలి. ముక్కు ఎముక కింద ఉండే మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యలో ఆగిందో లేదోనని వేళ్లు తీసి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. అలా రెండుసార్లు నొక్కినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తేమ తక్కువని తెలియగానే కుటుంబం గాలికి తేమ పట్టించే పెద్ద యంత్రం, హ్యూమిడిఫయర్, కొని 50 శాతానికి పెట్టింది. దానికి తోడు స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరిగించడం, ఉతికిన బట్టలు పడకగదిలో తాడు మీద ఆరేయడం. పది రోజుల తర్వాత కోడలు ఫోన్ చేసి, "కిటికీల్లోంచి నీళ్లు కారుతున్నాయండీ, ఇంటి ఓనరుకి లీకేజీ అని చెప్పాలా?" అని అడిగింది. ఫోటోల్లో కిటికీ కింది అంచున రెండు వేళ్ల మందాన గడ్డకట్టిన మంచు ఉంది, కింద చెక్క ఉబ్బింది. బయటి గోడకు ఆనించిన బీరువా జరిపిస్తే వెనక నల్లటి బూజు.

లీకేజీ కాదు. 21 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే, ఆ గాలి 10 డిగ్రీల చల్లటి వస్తువును తాకగానే నీరు వదులుతుంది. తేమ 25 శాతమే అయితే వస్తువు సున్నా దగ్గర ఉంటే తప్ప వదలదు. బయట మైనస్ 25 ఉన్నప్పుడు పాత కిటికీ అద్దం అంచులు, బీరువా వెనక వేడి గాలి చేరని గోడ మూల పదికి చాలా కిందే ఉంటాయి. నీరు అక్కడ చేరుతుంది, చేరిన చోట బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్న మనిషి అదే గదిలో పడుకుంటుంది.

కాబట్టి తేమ ఎంత ఉండాలో చెప్పేది మన ముక్కు కాదు, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి కిటికీ. బయట మైనస్ 10 ఉంటే లోపల 30 నుంచి 35 శాతం, మైనస్ 20కి 25, మైనస్ 30కి 20 దగ్గర. ఈ ఇంట్లో 27 దాటకుండా చూసుకోమన్నాం. వంటకు తప్ప నీళ్లు మరిగించడం ఆపారు. బట్టలు డ్రయ్యర్‌లోకి మారాయి. వాషింగ్ మెషీన్ పిండిన ఒక దఫా బట్టల్లోనే రెండు లీటర్ల దాకా నీరుంటుంది, గదిలో ఆరేస్తే అదంతా గాలిలోకే. స్నానం అయ్యాక బాత్రూమ్ ఫ్యాన్ అరగంట తిరగాలి. పగలు కర్టెన్లు తీసి ఉంచాలి, లేకపోతే వేడి గాలి అద్దానికి తగలదు. బీరువా గోడకు జానెడు దూరం జరగాలి. వేడి గాలి వచ్చే జాలీల మీద పరుపు, ట్రంకు పెట్టెలు పెట్టకూడదు. పొద్దున్నే కిటికీ అంచులు పొడిగుడ్డతో తుడవడం పెద్దావిడ తన పనిగా పెట్టుకున్నారు. జనవరి రెండో వారానికి అంచు మంచు పోయింది. బూజును సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాక మళ్లీ రాలేదు.

మరి 27 శాతంలో బాబు ముక్కు ఎలా మానింది? గాలిని తడపడం మానేసి ముక్కునే తడిపాం. ఉప్పునీటి స్ప్రే రోజుకు మూడు నాలుగు సార్లు, పడుకునే ముందు ముక్కు మొదట్లో పలచగా పెట్రోలియం జెల్లీ, గోళ్లు పొట్టిగా కత్తిరించడం. ఒంటికీ ఇదే సూత్రం. బకెట్ నిండా పొగలు కక్కే నీళ్లతో స్నానం, వారానికోసారి సెనగపిండి నలుగు చర్మం మీద ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తాయి. గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల లోపు ముగించి, తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే క్రీమ్ రాసుకోవాలి. పంపు సీసాలో వచ్చే పలచటి లోషన్ చాలదు, డబ్బాలో వచ్చే చిక్కటి క్రీమ్ కావాలి. మడమల పగుళ్లకు పది నుంచి ఇరవై శాతం యూరియా ఉన్న క్రీమ్ రాసి రాత్రి సాక్సు తొడుక్కుంటే వారంలోనే తేడా తెలుస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే గడ్డ కడుతుంది, పైగా అక్కడి పొడిగాలికి అదొక్కటే ఆగదు.

హ్యూమిడిఫయర్ వాడితే తొట్టిలో నీళ్లు రోజూ మార్చాలి, రెండు మూడు రోజులకోసారి కడిగి ఆరబెట్టాలి. నిలవ నీళ్లను అలాగే గదిలోకి చిమ్మిస్తే దగ్గు కొని తెచ్చుకున్నట్టే. నీటిని సన్నటి తుంపరగా చిమ్మే అల్ట్రాసోనిక్ రకంలో కుళాయి నీళ్లు పోస్తే లవణాలు తెల్లటి పొడిగా సామాన్ల మీద పడతాయి, అందులో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఫర్నేస్ ఫిల్టర్ నెల నుంచి మూడు నెలల మధ్య మార్చాలి. ఫిల్టర్ అంచున ఉన్న బాణం గుర్తు ఫర్నేస్ వైపు చూడాలి. ఈ ఇంట్లో ఉన్న ఫిల్టర్ దుమ్ముతో బూడిదరంగుకు తిరిగింది, వెనక గదికి వేడి చేరకపోవడానికి అదీ ఒక కారణం.

కోడలి కాలివేళ్లు

ఆమె ఒక కోర్సులో చేరింది. బస్టాపుకు పది పన్నెండు నిమిషాల నడక, ఆ పైన ఎదురుచూపు. మూడో వారానికి రెండు పాదాల్లోనూ బొటనవేలి పక్క వేళ్ల పైభాగాన ఊదా ఎరుపు రంగు మచ్చలు, వాపు, దురద. రాత్రి రజాయిలోకి కాళ్లు వెళ్లగానే మంట. వానాకాలంలో కాళ్లు పాచిపోవడం మన దగ్గర మామూలే కాబట్టి, అదే అనుకుని ఫంగస్ ఆయింట్‌మెంట్ రాసింది, ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టింది. మంట ఇంకా పెరిగింది.

ఫంగస్ అయితే వేళ్ల సందుల్లో తెల్లగా నాని పొర ఊడుతుంది. ఇక్కడ సందులు బాగానే ఉన్నాయి, మచ్చలు వేళ్ల పైన ఉన్నాయి, చలిలో తిరిగొచ్చిన కొన్ని గంటలకు లేస్తున్నాయి. ఇవి చిల్‌బ్లెయిన్స్. తడి చలి తగిలిన వేళ్లలో సన్నటి రక్తనాళాలు ముడుచుకుని, ఒక్కసారిగా వేడి తగిలినప్పుడు సరిగ్గా విచ్చుకోలేక వాచిపోతాయి. మామూలుగా ఒకటి నుంచి మూడు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, కారణం కొనసాగితే మాత్రం మళ్లీ మళ్లీ వస్తాయి.

వీడియోలో బూటు, సాక్సు, పాదం విడివిడిగా చూపించమన్నాం. కాలికి రెండు జతల నూలు సాక్సులు. బూటు ఇక్కడి సైజు ప్రకారమే కొన్నారు, అందులో రెండు సాక్సులతో వేళ్లు కదలడానికి చోటు లేదు. సాక్సు లోపల, వాచిన వేళ్ల మీదే, వెండి మెట్టెలు. ఇలా నొక్కుకుపోతే వేళ్లకు రక్తం తగ్గుతుంది. నూలు సాక్సు నడకలో పట్టిన చెమటను పట్టుకుని కూర్చుంటుంది, బస్టాపులో నిలబడ్డాక ఆ తడే వేళ్ల వేడిని లాగేస్తుంది. లోహం ఆ చలిని చర్మానికి అంటిస్తుంది, వేలు వాచిందంటే మెట్టె బిగుసుకుపోతుంది.

మెట్టెల మాట ఎత్తగానే అత్తగారు ఊరుకోరేమోనని కోడలు సందేహించింది. పెద్దావిడతోనే నేరుగా మాట్లాడాం: "అమ్మా, వాపు పెరిగితే మెట్టె కత్తిరించి తీయాల్సి వస్తుంది, ఇప్పుడైతే సబ్బు నురగతో జారిపోతుంది." ఆవిడే కూర్చుని తీశారు. బయటికి వెళ్లేటప్పుడు తీసేసి ఇంట్లో పెట్టుకోవడం, వాపు తగ్గేదాకా అసలే పెట్టకపోవడం అని ఒప్పుకున్నారు. వెళ్లేవాళ్లకు ఇప్పుడు విజయవాడలోనే చెబుతున్నాం: ప్రయాణానికి ముందే మెట్టెలు వదులు చేయించుకోండి, బిగువు ఉంగరాలు ఇంట్లో వదిలి వెళ్లండి. పెద్ద జుంకాలు కూడా మైనస్ 20లో చెవితమ్మెను గడ్డకట్టించే లోహమే.

మిగతా మార్పులు: ఉన్ని సాక్సు ఒక్క జత, నూలు కాదు. బూటు ఒక సైజు పెద్దది, లోపలి ఫెల్ట్ లైనర్ (మందపాటి లోపలి పొర) బయటికి వచ్చే రకం. ఇంటికి రాగానే లైనర్లు బయటికి లాగి ఆరబెట్టాలి, బూటులోనే వదిలేస్తే తెల్లారేసరికి ఆరవు. బ్యాగులో ఇంకో జత పొడి సాక్సు. ఇంటికొచ్చాక కాళ్లను వేడినీళ్లలో, హీటర్ ముందు పెట్టకుండా గది వేడికే వదిలి, తడి తుడిచి, పొడి సాక్సు వేసుకోవాలి. గోకకూడదు. పుండు పడితే డాక్టరుకు చూపించాలి. ఫిబ్రవరి మొదటికి మచ్చలు మాయమయ్యాయి, మళ్లీ రాలేదు.

ఒంటి మీద బట్టలకూ ఇదే లెక్క. ఒంటికి అంటుకునే పొర మెరినో ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ అయి ఉండాలి, ఎందుకంటే అది చెమటను పైకి లాగేస్తుంది. దాని మీద ఫ్లీస్, దాని మీద గాలి చొరబడని జాకెట్. లోపల నూలు బనియన్, నూలు చుడీదార్ వేసుకుని పైన ఎంత ఖరీదైన జాకెట్ తొడిగినా చెమట పట్టాక వణుకు తప్పదు. గుమ్మం దాటిన మొదటి అయిదు నిమిషాలు కాస్త చలిగా అనిపిస్తేనే సరిగ్గా వేసుకున్నట్టు. నడుస్తూ ఒళ్లు వేడెక్కుతోందని తెలియగానే, చెమట పట్టకముందే జిప్ కిందికి లాగాలి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ ఒకేచోట ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. తలంటు పోసుకున్న రోజు జుట్టు పూర్తిగా ఆరేదాకా బయటికి వెళ్లకూడదు.

విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికే జాకెట్లు మైనస్ 5 దాకా ఏదో నెట్టుకొస్తాయి, ఆ పైన కాదు. జాకెట్, బూట్లు అక్కడే కొనమంటాం. అయితే విమానాశ్రయం నుంచి ఇంటిదాకా వెళ్లడానికి ఒక జత టోపీ, మిట్టెన్స్, లోపలి పొరలు చేతి సంచిలోనే ఉండాలి. పెట్టె ఆలస్యంగా వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

గాలి, ఫ్రాస్ట్‌బైట్

ఫోన్లో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు, విండ్ చిల్ (గాలి వీచినప్పుడు చర్మానికి తెలిసే చలి) చూడాలి. మైనస్ 25లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే విండ్ చిల్ మైనస్ 39. మైనస్ 28 నుంచి 39 మధ్య కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు, దీన్నే ఫ్రాస్ట్‌బైట్ అంటారు. మైనస్ 40 నుంచి 47 మధ్య అయిదు నుంచి పది నిమిషాలు. మైనస్ 48 దాటితే రెండు నుంచి అయిదు. బస్సు కోసం ఎంతసేపు నిలబడవచ్చో ఈ పట్టికే చెబుతుంది. ఈ ఇంట్లో దాన్ని తలుపు లోపలి వైపు అంటించారు.

భర్తకు తగిలింది పెట్రోలు బంకులో. అక్కడ చాలా బంకుల్లో పెట్రోలు ఎవరి కారుకు వాళ్లే పోసుకోవాలి. పల్చటి గ్లవ్ మీద పెట్రోలు చింది చూపుడువేలు కొస మొద్దుబారింది. పెట్రోలు మైనస్ 30లోనూ ద్రవంగానే ఉంటుంది, ఆవిరవుతూ ఇంకా చల్లబరుస్తుంది. తెల్ల చర్మం మీద ఫ్రాస్ట్‌బైట్ తెల్లటి మచ్చగా కనిపిస్తుందని అక్కడి కరపత్రాల్లో ఉంటుంది. మన చామనచాయ మీద అలా తేలిగ్గా తెలియదు. పక్క చర్మం కన్నా పాలిపోయి బూడిద రంగుగా, ముట్టుకుంటే మైనంలా గట్టిగా ఉంటుంది, స్పర్శ తెలియదు. కంటితో కన్నా వేలితో తెలుసుకోవాలి. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, చెంపలు ముట్టుకుని చూడటం బాబుకు ఆటగా నేర్పించారు.

రుద్దకూడదు. మంచుతో అసలే రుద్దకూడదు. మొద్దుబారిన వేలికి హీటరు, స్టవ్ సెగ తగిలించకూడదు, కాలినా తెలియదు. ఆయన వేలు చంకలో పెట్టుకుంటే పది నిమిషాల్లో సూదులు గుచ్చినట్టు స్పర్శ తిరిగొచ్చింది. అలా రాకపోతే, లేదా గట్టిగా ఉంటే, 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో 15 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. నీళ్ల వేడి థర్మామీటరుతోనో, ఆరోగ్యంగా ఉన్న వేరే మనిషి మోచేతితోనో చూడాలి. మళ్లీ చలిలోకి వెళ్లి గడ్డకట్టే అవకాశం ఉంటే కరిగించకుండా అలాగే ఆసుపత్రికి వెళ్లడం మేలు. బొబ్బలు లేస్తే ఇంటి వైద్యం వద్దు.

వాకిట్లో మంచు తీసేటప్పుడు పారతో ఎత్తి విసరడం కన్నా పక్కకు నెట్టాలి. చలికి బీపీ పెరుగుతుంది, బరువు ఎత్తితే ఇంకా పెరుగుతుంది. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు ఆ పార ముట్టుకోకూడదు. ఫర్నేస్ పొగ గొట్టం, గాలి పీల్చే గొట్టం కొన్ని ఇళ్లలో బయటి గోడకు తక్కువ ఎత్తులో ఉంటాయి. పెద్ద మంచు పడిన ప్రతిసారీ వాకిలి కన్నా ముందు వాటి చుట్టూ తవ్వాలి, పూడిపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే వస్తుంది.

పెద్దావిడ, వంటిల్లు

ఎండుమిర్చి పోపు ఘాటుకు పొగ అలారం మోగితే ఆవిడ దానికి ప్లాస్టిక్ కవరు కట్టారు. వేడంతా పోతోందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేశారు. మూడు రోజులకు దగ్గు, రాత్రి పిల్లికూతలు. ముందుగా ఆ కవరు తీయించాం. ఆ ఫ్యాన్ గాలిని నిజంగా బయటికి పంపుతోందా లేక వడపోసి మళ్లీ వంటింట్లోకే వదులుతోందా అన్నది బయటి గోడకు రేకు మూత ఉందో లేదో చూస్తే తెలుస్తుంది. ఇక్కడ బయటికే పంపుతోంది. పొయ్యి వెలిగించే అయిదు నిమిషాల ముందు వేసి, దించిన పది నిమిషాల తర్వాత ఆపాలి. పోపు వెనక బర్నర్ మీద, మూత చేతిలో పట్టుకుని. ఆ పది పదిహేను నిమిషాల్లో పోయే వేడి కన్నా లోపల ఉండిపోయే ఆవిరి, ఘాటు ఎక్కువ నష్టం. సాంబ్రాణికి బొగ్గు నిప్పులు, కుంపటి ఇంట్లో పూర్తిగా మానేయాలి. మూసి ఉన్న ఇంట్లో వాటి నుంచీ కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. దాని అలారం పడకగదుల దగ్గర వేరే ఉండాలి.

ఇన్‌హేలర్ జాకెట్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట ఉండాలి. చల్లబడితే మందు సరిగ్గా చిమ్మదు. ముక్కూ నోరూ నెక్ వార్మర్‌తో (మెడకు తొడుక్కునే గొట్టం లాంటి బట్ట) కప్పుకుంటే లోపలికి వెళ్లే గాలి కొంత వేడి, తడి అవుతుంది. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ ఉంటే బీపీ పెరుగుతుంది, ఫార్మసీలో అడగకుండా కొనకూడదు. చలిలో దాహం తెలియదు, మూత్రం ఎక్కువ వస్తుంది, ఊపిరితో నీరు పోతుంది. మాటిమాటికీ లేవాల్సొస్తుందని ఆవిడ నీళ్లు తగ్గించారు, తలనొప్పి, మలబద్ధకం వచ్చాయి. మూత్రం లేత రంగులో ఉండేలా చారో, గోరువెచ్చటి నీళ్లో గంటకోసారి కొద్దిగా తాగమన్నాం. సందర్శకులుగా వెళ్లే తల్లిదండ్రులకు అక్కడి ప్రభుత్వ బీమా వర్తించదు, ప్రైవేటు బీమాలో ముందే ఉన్న జబ్బుల షరతు చదివి తీసుకోవాలి.

ఇడ్లీపిండి పులవడం లేదన్నది ఆవిడ పెద్ద దిగులు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రమే వేసి, గిన్నె పెట్టి తలుపు మూస్తే 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, రాత్రికి పులుస్తుంది. పెరుగూ అక్కడే తోడుకుంటుంది. ఓవెన్ మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించడం మరవకూడదు.

విన్నిపెగ్ దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే, ఆ ఎండతో చర్మం విటమిన్ డి తయారుచేయలేదు. కెనడా ప్రమాణం 70 ఏళ్ల లోపు వారికి రోజుకు 600 యూనిట్లు. అంతకు మించి కావాలా అన్నది రక్తపరీక్ష చూసి అక్కడి డాక్టరు చెప్పాలి.

కారు గురించి క్లుప్తంగా. జనవరిలో పాత కారు కొన్నారు. మైనస్ 15, 20 దాటితే ఇంజన్‌ను వెచ్చబరిచే బ్లాక్ హీటర్‌ను బయలుదేరడానికి మూడు గంటల ముందు ప్లగ్ చేయాలి, టైమరు పెట్టుకుంటే రాత్రంతా కరెంటు కాలదు. అద్దం కడిగే నీళ్లు మైనస్ 40 రకం, టైర్లు చలికాలంవి, ట్యాంకు సగానికి తగ్గకుండా. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పడితే టైరు గాలి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. ముందు అద్దానికి లోపలి వైపు మంచు పట్టిందంటే కారణం కాళ్ల కింద మ్యాట్ మీద కరిగిన నీరు. ఎక్కేముందు బూట్లు తట్టుకోవాలి, మ్యాట్ రాత్రి ఇంట్లో ఆరబెట్టాలి, లోపలి గాలినే మళ్లీ తిప్పే రీసర్క్యులేషన్ ఆపి వేడి వేయాలి. బాబును కారు సీటులో కూర్చోబెట్టేటప్పుడు లావు జాకెట్ తీసేసి బెల్టు బిగించి, జాకెట్‌ను ముందు నుంచి కప్పాలి. జాకెట్ మీద బెల్టు వేస్తే గుద్దుకున్నప్పుడు దూది అణిగిపోయి బెల్టు వదులవుతుంది, పిల్లవాడు జారిపోతాడు. స్కూలుకు మఫ్లర్ బదులు నెక్ వార్మర్ పంపాలి, జారుడుబల్లకు చిక్కుకునే కొసలు దానికి ఉండవు.

మార్చిలో చలి తగ్గిందని అందరూ బూట్లు మార్చారు. జారిపడే ప్రమాదం అప్పుడే ఎక్కువ. పగలు కరిగిన మంచు రాత్రి పలచటి గాజుపొరగా గడ్డకడుతుంది, సున్నాకు దగ్గర ఉన్న మంచు మైనస్ 30లో ఉన్నదాని కన్నా బాగా జారుతుంది. పెద్దావిడకు బూటు కిందికి తగిలించుకునే ముళ్ల పట్టీ కొనిపించాం, ఇంట్లోకి రాగానే విప్పేయాలి, టైల్స్ మీద అదే జారుతుంది. అడుగులు చిన్నవిగా, పాదమంతా ఒకేసారి ఆనేలా, చేతులు జేబుల్లో పెట్టకుండా నడవాలి. మెట్ల మీద ఉప్పు మైనస్ 10 దాకా పనిచేస్తుంది, అంతకన్నా చల్లగా ఉంటే ఇసుక చల్లాలి. ఉదయం తొమ్మిదికి ముందు మెట్లు దిగవద్దని, దిగక తప్పకపోతే కొడుకు ఇసుక చల్లాకే దిగమని ఆవిడకు రాసిచ్చాం.